స్కర్టింగ్ అంటే ఏందో తెలియక 2,700 పోగొట్టుకున్నాం



పోస్టు కొంచెం పొడుగుంది. తీరిక ఉన్నప్పుడే చదవండి. ఎండాకాలం సెలవుల్లో పట్నం పోయి నాలుగు రూపాయలు సంపాదించుకొద్దామనుకునే తమ్ముళ్లు మాత్రం బస్సెక్కకముందే చదవండి. ఇది మేము ఎవరికీ చెప్పుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గేసింది. మొన్న హాస్టల్లో ఇద్దరు జూనియర్లు "అన్నా, టైల్స్ పనికి పోతున్నాం, కూలి బాగుంటదంట" అన్నారు. "స్కర్టింగ్ అంటే తెలుసా?" అని అడిగాం. తెల్లమొహం వేశారు. రెండేళ్ల కింద మా మొహాలూ అట్లాగే ఉన్నాయి. అందుకే రాస్తున్నాం.

మేము ముగ్గురం. భద్రాచలం ఏజెన్సీలో పక్కపక్క ఊళ్ల కోయ పిల్లలం. ఆశ్రమ పాఠశాలలో ఒకే బెంచీ, డిగ్రీలో ఒకే గది. మొదటి సంవత్సరం పరీక్షలు అయిపోగానే ఊరి అన్న ఒకాయన ఫోన్ నంబరు పట్టుకుని హైదరాబాద్ పోయాం. ఓ అపార్ట్‌మెంట్ సైటులో టైల్స్ మేస్త్రీ కింద హెల్పర్లుగా పెట్టారు. మేస్త్రీది రాజస్థాన్. మేము భయ్యా అని పిలిచేవాళ్లం. మంచి మనిషి, కానీ తెలుగు రాదు. మాకు హిందీ రాదు.

మొదటి రోజు "గుణియా లావో" అన్నాడు. మాకు అర్థం కాక నీళ్ల బకెట్ తీసుకుపోయాం. "స్పేసర్" అంటే సిమెంటు బస్తా దగ్గరికి పోయి వెతికాం. మధ్యాహ్నానికల్లా సైటంతా మా మీద నవ్వులు. అడవోళ్లు అన్న మాట కూడా ఒకటి వినపడింది. ఇంట్లో మాట్లాడేది కోయ భాష. బడికొచ్చాక తెలుగు నేర్చుకున్నాం. కాలేజీలో ఇంగ్లీషు. ఇక్కడికొస్తే హిందీ, ఇంగ్లీషు కలిసిన ఇంకో భాష. పని కష్టం మాకు కొత్త కాదు, మాటలే కొత్త.

ఆ రాత్రి మాలో చిన్నోడు నోట్‌బుక్ తీశాడు. ఒక్కో మాట, దాని ఎదురుగా అర్థం రాయడం మొదలుపెట్టాం. ఆ పుస్తకంలోంచే ఇది రాస్తున్నాం.

ముందు పనిముట్లు. గుణియా అంటే మన తెలుగు తాపీ మేస్త్రీలు అనే మూలమట్టం. ఎల్ ఆకారంలో ఉంటుంది, మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉందా లేదా చూస్తుంది. రసమట్టం అంటే స్పిరిట్ లెవెల్, బుడగ మధ్యలో నిలబడాలి. ట్యూబ్ లెవెల్ అంటే పారదర్శకంగా ఉండే నీళ్ల పైపు. రెండు చివర్లలో నీళ్లు ఒకే ఎత్తులో నిలుస్తాయి కాబట్టి ఈ గదికీ ఆ గదికీ లెవెల్ కలుపుతారు. స్పేసర్ అంటే రెండు పలకల మధ్య పెట్టే చిన్న ప్లాస్టిక్ ముక్క. 2 ఎంఎం, 3 ఎంఎం అని రకాలుంటాయి. సూత్ అంటే అంగుళంలో ఎనిమిదో వంతు. మన మేస్త్రీలు దాన్ని నూలు అంటారు. సూత్ అన్నా నూలు అన్నా దారమే. "దో సూత్ ఊపర్" అంటే పావు అంగుళం పైకి లేపమని. ఈ ఒక్కటి తెలిస్తే సైటులో సగం మాటలు అర్థమవుతాయి.

ఇక పలక సంగతి. మేమంతా టైలంటే టైలే అనుకున్నాం. కాదు. సిరామిక్ వేరు, విట్రిఫైడ్ వేరు. రెండూ మట్టి, రాతిపొడి కలిపి అచ్చులో నొక్కి కాల్చినవే. విట్రిఫైడ్‌ను దాదాపు 1200 డిగ్రీల వేడిలో గాజులా గట్టిపడేదాకా కాలుస్తారు. దాని బరువులో నూటికి అర వంతు నీళ్లు కూడా పీల్చుకోదు. గోడకు వేసే మామూలు సిరామిక్ పలక నూటికి పది వంతుల పైనే పీలుస్తుంది. భయ్యా మాకు చూపించిన పరీక్ష చాలా సులువు. పలక తిప్పి వెనక వైపు నీళ్ల చుక్క వేయాలి. చుక్క ఇంకిపోతే సిరామిక్, అట్లాగే నిలబడితే విట్రిఫైడ్. గోడ పలకను నేలకు వేస్తే నాలుగు రోజుల్లో గీతలు పడుతుంది, బరువు పడితే పగులుతుంది. షాపులో జీవీటీ అంటే పైన గ్లేజు పూత ఉన్న విట్రిఫైడ్. పీజీవీటీ అంటే ఆ పూతకు అద్దంలా పాలిష్ పట్టింది. డబుల్ చార్జ్ అంటే పైన రంగు పొర మందంగా, మూడు నాలుగు ఎంఎం దాకా ఉండేది. జనం బాగా తిరిగే చోట వేస్తారు, అరిగినా రంగు పోదు. మ్యాట్ అంటే మెరవనిది. యాంటీ స్కిడ్ అంటే జారనిది, బాత్రూం నేలకు, వరండాకు అదే వేయాలి.

సైజులో ఒక మోసం లాంటిది ఉంది, కానీ మోసం కాదు. రెండు బై రెండు అని అందరూ అంటారు. పలక కొలిస్తే 600 ఎంఎం ఉంటుంది. నిజమైన రెండడుగులంటే 609.6 ఎంఎం. పెట్టెలో నాలుగు పలకలు. రెండు బై రెండు లెక్కన 16 చదరపు అడుగులు రావాలి, వచ్చేది 15.5. అర అడుగే కదా అనిపిస్తుంది. 1000 అడుగుల ఇంటికి 16 లెక్కన 63 పెట్టెలు చాలు, నిజానికి కావాల్సింది 65. కోతల్లో పోయేది, పగిలేది వేరే. దాన్ని వేస్టేజ్ అంటారు. నేరుగా వేస్తే నూటికి అయిదు నుంచి పది, ఐమూలగా వేస్తే పది నుంచి పదిహేను కలుపుకోవాలి.

తక్కువ పడితే మళ్లీ తెచ్చుకోవచ్చు కదా అంటారా? అక్కడే బ్యాచ్ అనే మాట వస్తుంది. పెట్టె మీద బ్యాచ్ నంబరు, షేడ్ నంబరు ఉంటాయి. మన దేశంలో టైల్స్ ఎక్కువగా గుజరాత్‌లోని మోర్బీ నుంచి వస్తాయి. అక్కడ ఒకే డిజైను ఈ నెల కాల్చినదానికీ వచ్చే నెల కాల్చినదానికీ రంగులో కొంచెం తేడా ఉంటుంది. విడిగా చూస్తే కనపడదు, పక్కపక్కన పరిస్తే హాల్లో అతుకేసినట్టు కనపడుతుంది. అందుకే పెట్టెలు దించుకునేటప్పుడే నంబర్లు చూడాలి. ఒకసారి మేము చూడకుండా రెండు బ్యాచ్‌లు కలిపేసి మోశాం. మూడో అంతస్తు నుంచి మళ్లీ కిందికి మోయాల్సి వచ్చింది. ఆ రోజు నుంచి ఆ మాట మర్చిపోలేదు.

పరిచే పనికొద్దాం. మొదటి పలక ఎక్కడ పెట్టాలన్నదే అసలు పని. గోడలు ఎప్పుడూ సరిగ్గా ఉండవు. గోడను నమ్ముకుని పోతే అవతలి చివర పలక వంకరపోతుంది. అందుకే గది మధ్య నుంచి దారం కడతారు. రెండు దారాలు సరిగ్గా 90 డిగ్రీల్లో ఉన్నాయా చూడాలి. అంత పెద్ద గదికి గుణియా చాలదు. భయ్యా ఒక దారం మీద 3 అడుగులకు గుర్తు పెట్టాడు, ఇంకోదాని మీద 4 అడుగులకు పెట్టాడు, ఆ రెండు గుర్తుల మధ్య టేపు పట్టి "పాంచ్" అన్నాడు. సరిగ్గా 5 అడుగులు. మాలో పెద్దోడు ఎగిరి గంతేశాడు. "ఒరేయ్, ఇది పైథాగరస్ రా! తొమ్మిది, పదహారు, ఇరవై అయిదు!" పదో తరగతిలో ఆ సిద్ధాంతం బట్టీ పట్టి మార్కులు తెచ్చుకున్నాం కానీ అది ఎందుకో మాకు ఎవరూ చెప్పలేదు. భయ్యా అయిదో తరగతితో చదువు మానేశాడట. పైథాగరస్ పేరు వినలేదు. కానీ రోజూ వాడతాడు. ఆ పూట మాకు చదువు మీదా గౌరవం పెరిగింది, పని మీదా గౌరవం పెరిగింది.

దారం కట్టాక సిమెంటు లేకుండా ఉత్తగా పలకలు పరిచి చూస్తారు. డ్రై లే అంటారు. గుమ్మం దగ్గర నిండు పలక రావాలి, కోసిన ముక్కలు గోడ వారకు, మంచం కిందకు పోవాలి. తర్వాత కింద మాలు, అంటే ఇసుక సిమెంటు పరుపు. దాని మీద సిమెంటు పాలు పోసి పలక పెట్టడం పాత పద్ధతి. విట్రిఫైడ్ పలక నీళ్లు పీల్చదు కదా, సిమెంటు పాలు దాని వెనక సరిగ్గా పట్టుకోవు. అందుకే ఇప్పుడు అడిసివ్, అంటే టైల్ జిగురు వాడుతున్నారు. పళ్లున్న తాపీతో గీతలు గీతలుగా పూసి పలక నొక్కుతారు.

ఇక్కడ మేము చేసిన తప్పు చెప్పాలి. ఒకరోజు భయ్యా లేనప్పుడు మా చిన్నోడు తొందరలో పలక వెనక నాలుగు మూలలా నాలుగు ముద్దలు, మధ్యలో ఒకటి పెట్టి అతికించుకుంటూ పోయాడు. పైకి చూస్తే లెవెల్ బ్రహ్మాండం. మర్నాడు భయ్యా ఇనుప కడ్డీ పట్టుకుని ఒక్కో పలక మీద కొట్టుకుంటూ వచ్చాడు. గట్టిగా ఉన్నచోట టక్ టక్. మేము వేసినచోట డబ్ డబ్. గుల్ల. లోపల గాలి ఉన్నచోట బరువు పడితే పలక పగులుతుంది, లేదా లేచిపోతుంది. 11 పలకలు పీకించాడు. అందులో 7 పగిలాయి. ఆ రోజు మాకు కూలి లేదు. తిట్టాడు కూడా. కానీ సాయంత్రం టీ తాగించి, కడ్డీ మా చేతికిచ్చి గదంతా మమ్మల్నే కొట్టి చూడమన్నాడు. చెవితో పని నేర్చుకోవడం అప్పుడే మొదలైంది.

మిగతా మాటలు త్వరగా చెప్తాం. పలకల మధ్య సందులో నింపేది గ్రౌట్. మాలు గట్టిపడ్డాక, కనీసం ఒక రోజు ఆగి నింపాలి. సిమెంటు గ్రౌట్ చౌక. బాత్రూంలో, వంటింట్లో మరక పట్టకూడదంటే ఎపాక్సీ గ్రౌట్. అది తొందరగా గట్టిపడుతుంది, పలక మీద ఉన్నది వెంటనే తుడవకపోతే తర్వాత రాదు. రెండు పలకల అంచులు ఎత్తు తేడా ఉంటే ఇంజనీరు లిప్పేజ్ అంటాడు. గోరు పెట్టి గీస్తే తగులుతుంది. గోడకు వేసే పలకలు డాడో. వాటిలో కింద వేసే ముదురు రంగు డార్క్, పైన వేసేది లైట్, మధ్యలో బొమ్మలు పువ్వులు ఉండేది హైలైటర్. మెట్టు ముందు అంచు గుండ్రంగా వచ్చేది నోజింగ్. రెండు పలకలు మూలలో 45 డిగ్రీల కోతతో కలిస్తే మైటర్. నేల నీళ్లు పోయే వైపు వాలుగా ఉండటం స్లోపు, మన మాటలో వాటం.

ఇప్పుడు స్కర్టింగ్. గోడ అడుగున, నేలను ఆనుకుని చుట్టూ నాలుగు అంగుళాల ఎత్తున వేసే పట్టీయే స్కర్టింగ్. అది అందానికి అనుకుంటారు. గోడకూ నేల పలకకూ మధ్య కొంచెం సందు వదలాలి, ఎండకు పలకలు వ్యాకోచిస్తే చోటుండాలని. ఆ సందును స్కర్టింగ్ కప్పుతుంది. ఇల్లు తుడిచిన నీళ్లు గోడకు తగలకుండా కాపాడుతుంది.

రెండో ఎండాకాలం మేము రోజు కూలికి కాకుండా అడుగు లెక్కకు పని తీసుకున్నాం. పెద్దోడికి పలక పెట్టడం వచ్చేసింది. భయ్యా వేరే సైటుకు పోయాడు. ఒక కాంట్రాక్టరు ఒక ఫ్లాటు మాకిచ్చి "అడుగుకు 18" అన్నాడు. సరే అన్నాం. అంతకుమించి ఏమీ అడగలేదు. కాగితం లేదు. పది రోజులు తెల్లవారి నుంచి రాత్రి దాకా చేశాం. నేల అయిపోయింది, స్కర్టింగ్ కూడా అయిపోయింది. స్కర్టింగే కష్టం. పలకలు నాలుగు అంగుళాల ముక్కలుగా కోయాలి, అంచు నున్నగా రుద్దాలి, గోడ వంకర చూసుకుంటూ ఒక్కోటీ అతికించాలి, మోకాళ్ల మీద పాకుతూ చేయాలి.

లెక్క రోజు ఆయన టేపు పట్టి స్కర్టింగ్ మొత్తం 300 అడుగులు కొలిచాడు. మేము సంతోషపడ్డాం. తర్వాత కాలిక్యులేటర్ తీసి "300 పొడుగు, ఎత్తు నాలుగు అంగుళాలు, అంటే అడుగులో మూడో వంతు, మొత్తం 100 చదరపు అడుగులు, 18 లెక్కన 1,800" అన్నాడు. లెక్కలో తప్పు లేదు. మేము ముగ్గురం డిగ్రీ పిల్లలం, మనసులో గుణించి చూసుకున్నాం, సరిగ్గానే ఉంది. డబ్బు తీసుకుని దండం పెట్టి వచ్చేశాం.

వారం తర్వాత భయ్యా కలిశాడు. విని తల పట్టుకున్నాడు. స్కర్టింగ్‌ను చదరపు అడుగుల్లో కాదు, రన్నింగ్ ఫీట్‌లో కొలవాలట. రన్నింగ్ ఫీట్ అంటే పొడుగు మాత్రమే, ఎత్తు లెక్కలోకి రాదు. పని అంతా పొడుగులోనే ఉంటుంది కాబట్టి. అదే సైటులో పక్క ఫ్లాటు వాళ్లకు రన్నింగ్ ఫీట్‌కు 15 ఇచ్చారు. 300 అడుగులకు 4,500. మాకొచ్చింది 1,800. పోయింది 2,700. మనిషికి 900.

వెనక్కి పోయి అడిగాం. "ముందే మాట్లాడుకోవాలి కదా" అన్నాడు. మా దగ్గర జవాబు లేదు. మాలో ఒకడు ఆ 900 పరీక్ష ఫీజుకని పెట్టుకున్నాడు. చివరికి హాస్టల్లో అప్పు చేసి కట్టాడు. పెద్ద మొత్తం కాదని మీకనిపించవచ్చు. మాకు బాధేసింది డబ్బు గురించే కాదు. లెక్క మాకొచ్చు, పని మాకొచ్చు. ఒక్క మాట రాలేదు. ఆ మాట ఉన్నదని కూడా తెలియదు కాబట్టి అడగలేకపోయాం. మన తాతలు తునికాకు కట్టల లెక్కలో, ఇప్పపువ్వు తూకంలో షావుకార్ల దగ్గర పోగొట్టుకున్నది ఇట్లాగే కదా అని ఆ రాత్రి మాట్లాడుకున్నాం. అక్షరం వస్తే ఇక మోసపోమని అనుకున్నాం. అక్షరం వచ్చింది, కానీ ప్రతి పనికీ దాని సొంత మాటలు ఉంటాయని అప్పుడు తెలిసింది.

అందుకే తమ్ముళ్లూ, పని ఒప్పుకోకముందే ఇవి అడగండి. నేల అడుగుకు ఎంత? డాడోకు ఎంత? స్కర్టింగ్, నోజింగ్, మైటర్ రన్నింగ్ ఫీట్‌కు ఎంత? పలకలు పైకి మోసే కూలి ఎవరిది? గ్రౌట్ మనదా వేరే వాళ్లదా? పగిలిన పలక ఎవరి లెక్క? అడ్వాన్సు ఎంత, కొలత ఏ రోజు? ఇవన్నీ కాగితం మీద రాయించుకోండి. కాగితం ఇవ్వకపోతే మీరే రాసి వాట్సాప్‌లో పంపి "సరే" అనిపించుకోండి. మూడో పనికి మేము ఇట్లాగే చేశాం. ఆయనేమీ కోప్పడలేదు. "మీకు పని తెలుసన్నమాట" అన్నాడు, అంతే.

ఇంకో సంగతి, అన్నిటికన్నా ముఖ్యమైంది. పలక కోసేటప్పుడు తెల్లటి దుమ్ము లేస్తుంది. అందులో సిలికా ఉంటుంది. ఏళ్ల తరబడి పీలిస్తే ఊపిరితిత్తులు గట్టిపడే సిలికోసిస్ జబ్బు వస్తుంది. వచ్చాక పూర్తిగా నయం చేసే మందు లేదు. కోసేటప్పుడు నీళ్లు పోయండి, మాస్కు కట్టుకోండి, గది లోపల కోయకండి. నీళ్లు, కరెంటు ఒకే చోట ఉంటాయి కాబట్టి వైరు అతుకులు చూసుకోండి. చెప్పులు లేకుండా కట్టర్ పట్టుకోవద్దు. అట్లాగే 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండి, గత 12 నెలల్లో 90 రోజులు కట్టడం పని చేసినవాళ్లు భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. పని నేర్చుకుని సర్టిఫికెట్ కావాలంటే హైదరాబాద్‌లో 1998లో పెట్టిన న్యాక్ ఉంది. మన ఐటీడీఏ ఆఫీసులో కూడా శిక్షణల గురించి అడగండి.

చివరిగా ఊరి ముచ్చట ఒకటి. పోయిన ఏడాది మా పెద్దోడి ఇంటికి పక్కా ఇల్లు లేచింది. టైల్స్ మేమే వేస్తామన్నాం. కొత్తగూడెం నుంచి మెరిసే పలకలు తెచ్చి వరండాలో రసమట్టం పెట్టి బుడగ మధ్యలో నిలబెట్టి ఉత్తగా పరిచి అమ్మను పిలిచాం. అమ్మ చూసింది. "బాగుందిరా" అంది. తర్వాత చెంబుతో నీళ్లు తెచ్చి కొంచెం చల్లింది. నీళ్లు పోయినచోటే నిలబడ్డాయి. "జడివాన కొడితే నీళ్లు ఎటు పోతయిరా? తడికాలుతో వస్తే మీ నాయనమ్మ జారిపడదా?" అంది.

ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నలభై ఏళ్లుగా ఆమె మట్టి నేలను పేడతో అలుకుతోంది. ప్రతిసారీ చేత్తోనే వాకిలి వైపు వాటం పెడుతుంది. స్లోపు అన్న మాట ఆమెకు రాదు. మాకు మాట వచ్చింది కానీ పని మర్చిపోయాం. పలకలన్నీ తీసి, అడుగుకు పావు అంగుళం, అంటే రెండు నూళ్లు వాటం పెట్టాం. మెరిసే పెట్టెలు వాపసు ఇచ్చి వరండాకు జారని మ్యాట్ పలకలు తెచ్చాం. స్కర్టింగ్ కూడా వేశాం. ఈసారి ఎవరూ కొలవలేదు, అమ్మ కోడికూర పెట్టింది.

మన గ్రూపులో కరెంటు పని, ప్లంబింగ్, సెంట్రింగ్ తెలిసినవాళ్లు చాలామంది ఉన్నారు. మీ పనిలో మాటలు మీరూ ఇట్లాగే రాయండి. ఏ మాట తెలియక ఎంత పోగొట్టుకున్నారో కూడా రాయండి, సిగ్గుపడకండి. మేము పోగొట్టుకున్నది మీ తమ్ముడికి మిగిలితే చాలు.

జై ఆదివాసీ.